నడుమ కూర్చున్న మనిషి

నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడి రేకుల చర్చిలో ఆదివారం ఆరాధన చూడముచ్చటగా ఉంటుంది. ప్రభు భోజనానికి ముందు పాస్టరు శాంతి కోరుతూ "క్రీస్తు సమాధానం" అని ముందు వరుసలోని మొదటి మనిషి చేతులు పట్టుకుంటాడు. అతను పక్కవాడి చేతులు పట్టుకుంటాడు, ఆ పక్కవాడు ఇంకొకరివి. అలా శాంతి చేతి నుంచి చేతికి వరుస చివరిదాకా పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎంత చక్కటి సంఘమో అనుకుంటారు.

పాఠకులారా, మీరు అంత తొందరగా మెచ్చుకోకండి. ఆ వరుసలో అన్న చంద్రప్పకూ తమ్ముడు అహరోనుకూ మధ్య వాళ్ళ చిన్నాయన నాగయ్య కూర్చుంటాడు. ఉమ్మడి బోరు నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములు పలకరింపులు మానేసి మూడేళ్ళయింది. చంద్రప్ప ఇచ్చిన శాంతిని నాగయ్య అందుకుని అహరోనుకు ఇస్తాడు. ఇంటి కబుర్లూ అంతే. "తమ్మునికి చెప్పు", "అన్నకు చెప్పు" అంటూ అన్నీ ముసలాయన మీదుగానే పోతాయి. ఊరంతా ఆయనను శాంతిపరుడని పొగిడేది. పొగడ్త ఎవరికి చేదు?

ఈ యాసంగిలో అహరోను తన వంతు దాటి ఒకరోజు మోటరు నడిపాడు. కోపంతో చంద్రప్ప స్టార్టరు డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కంకి వేసే వేళకు తమ్ముడి జొన్నచేను ఎండిపోసాగింది. అహరోను భార్య జీవిత బట్టలు మూటగడుతుంటే నాగయ్య ఆ ఇంటికి వెళ్ళాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. చంద్రప్పకు నేను నచ్చజెప్త."

"మూడేండ్ల సంది గదే చెప్తున్నవు మామా," అంది జీవిత తల ఎత్తకుండానే. "నువ్వు నడుమ లేకుంటే వాళ్ళు కొట్లాడుకునేటోళ్ళు, ఏడ్సుకునేటోళ్ళు, ఎప్పుడో కలిసేటోళ్ళు. ఇగ సోమారం పట్నం బస్సెక్కుతం. పిల్లల బడి గూడ ఈడనే ఇడిసి."

ఆ మాట నాగయ్యకు సూటిగా తగిలింది. శాంతి కోసం ఆలోచన చెప్పేవాళ్ళకు సంతోషం కలుగుతుందని బైబిలు సామెతల గ్రంథంలో ఎన్నిసార్లు చదివాడో! మరి ఆ సంతోషం తనకెందుకు దొరకలేదు? తగవును తాను తీర్చలేదు, దానికి పీట వేసి కూర్చోబెట్టాడు.

ఆదివారం వచ్చింది. చంద్రప్ప ఎప్పటిలాగే చేతులు చాచాడు. నాగయ్య అందుకోలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు.

"గిదేంది చిన్నాయినా?" చంద్రప్ప గొణిగాడు.

"ఇగ నేను నడుమ కూసోను. ఇన్నేండ్లు గోడ తీర్గ కూసున్న, తప్పు నాదే. నీ తమ్ముడు రేపు పట్నం పోతుండు. శాంతి ఇస్తవో, పొమ్మంటవో, ఆని మొఖం జూసి నువ్వే జెప్పు."

పాట ఎత్తబోయినవాళ్ళను పాస్టరు చేత్తో ఆపాడు. చంద్రప్ప, నాగయ్య ఖాళీ చేసిన చోటికి జరిగి, తమ్ముడి ముందు చేతులు చాచాడు.

అహరోను పట్టుకోలేదు. "చెయ్యి సరేనే అన్నా. నీళ్ళు?"

చంద్రప్ప తల దించుకున్నాడు. మొలతాడుకు కట్టిన తాళంచెవి విప్పి తమ్ముడి అరచేతిలో పెట్టి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో మూశాడు. "దినం ఇడిసి దినం నీదే. పట్నం పోకురా."

"నాది గూడ తప్పేనే," అన్నాడు అహరోను. ఆడవాళ్ళ వైపు జీవిత ఏడుస్తూనే నవ్వింది. శాంతి వరుసలో ముందుకు సాగింది.

సాయంత్రం జొన్నచేనులో నీళ్ళు పారుతుంటే నాగయ్య గట్టు మీద కూర్చుని, జీవిత తెచ్చిన చాయ్ తాగుతూ తనలో తాను నవ్వుకున్నాడు.

"ఏంది మామా, గంత సంబురం?"

"గా సంతోషం ఇయ్యాల దొరికింది బిడ్డా. కొట్లాడినోళ్ళను ఎదురెదురుగ కూసోబెట్టాలె, మనం నడుమకెల్లి లేసి రావాలె. గదే సమాధానం చేసుడు."