దొరసాని కూర్చునే చోటు

ఆ బడికి దొరసాని పేరు పెట్టి ఊరుకోలేదు. ప్రతి తరగతిలోనూ మొదటి బెంచీలో, కిటికీ పక్కన, ఆమెకొక చోటు ఖాళీగా ఉంచారు. బతికున్నన్నాళ్లూ ఆమెకు చదువు రాలేదు. తన మేడను బడికి రాసిచ్చిన నాడు కూడా వేలిముద్రే వేసింది. అందుకని హాజరు పిలిచేటప్పుడు ముందుగా "దొరసానిగారు" అనాలి, పిల్లలంతా ఒక్క గొంతుతో "ఉన్నారు" అనాలి. మిగతా పేర్లు ఆ తర్వాతే.

కొత్తగా చేరిన టీచరుకు ఇది ముచ్చటగానే తోచింది. పలకరని తెలిసీ పిలవడమే భక్తి కాబోలు అనుకుంది. పిలిస్తే పలకని మనిషి ఆమె ఇంట్లోనే ఉంది. గలగలలాడుతూ తిరిగే కూతుర్ని తండ్రి పిచ్చుకా అని పిలుచుకునేవాడు. ఆయన పోయిన నాటి నుంచి పిల్ల నోరు మూతబడింది. గొంతులో లోపమేమీ లేదని వైద్యులు తేల్చారు. ఒక్కసారి "అమ్మా" అంటే చాలుననే ఆశతో ఆమె ఊరు మార్చింది, బడి మార్చింది, పిల్లను తన తరగతిలోనే చేర్చుకుంది.

తరగతి కిక్కిరిసి ఉంది. పాఠం చెప్పేవాళ్లకు బెంచీలో ఖాళీ కంట్లో నలుసు. ఇంకేమీ ఆలోచించకుండా కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక బెంచీ వాగుడుకాయ మాత్రం ఉండబట్టలేక, "అది దొరసానిగారి సీటండీ టీచర్. ఆవిడొస్తే ఎక్కడ కూచుంటారు?" అంది.

"ఇంత మేడ ఇచ్చినావిడ జానెడు చోటు ఇవ్వదా? సర్దుకుంటుందిలే."

నవ్వుతూనే హాజరు మొదలుపెట్టింది. దొరసానిగారిని పిలిచింది. పిల్లలెవరూ పలకలేదు. కిటికీ పక్కనుంచి ఒక్క గొంతు వచ్చింది.

"ఉన్నాను."

అది కూతురి గొంతే. టీచరు పరుగున వెళ్లి బెంచీ ముందు మోకరిల్లి పేరు పెట్టి పిలిచింది, పిచ్చుకా అని పిలిచింది. పిల్ల ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది. పలక చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంది. కథల పుస్తకాలు నమిలి మింగిన పిల్ల.

ఆ సాయంత్రం ఇంట్లో, పెళుసు గాజును ముట్టుకున్నట్టు పుస్తకాన్ని ముట్టుకుని అడిగింది. "నాకు అక్షరాలు నేర్పిస్తారా పంతులమ్మగారూ?"

మర్నాడు టీచరు జరిగినదంతా ప్రధానోపాధ్యాయురాలికి చెప్పుకుంది. ఆ పెద్దావిడ ఆశ్చర్యపోలేదు. చదువు కోసం వచ్చిన మనిషి చదువైతే వెళ్లిపోతుందని, నేర్పి పంపెయ్యమని మెల్లగా చెప్పింది.

నేర్పడం మొదలైంది. గుణింతాలు, ఒత్తులు, చిన్న పాఠాలు, అన్నీ పిల్ల ఎండిన నేల నీళ్లు తాగినట్టు తాగేసింది. పాఠానికీ పాఠానికీ నడుమ టీచరు ఏదో ఒకటి అడిగేది. దీపం చాలుతోందా, చలిగా ఉందా అని. జవాబు కోసం కాదు, గొంతు కోసం. వంట చేస్తూ పక్క గదిలోంచి వచ్చే ఆ గొంతు విని, కళ్లు మూసుకుని, మాటలను వదిలేసి ధ్వనిని మాత్రం దాచుకునేది. ఆ గొంతు ఎవరిదని తనను తాను అడగడం మానేసింది.

వాచకంలో ఒక్క పాఠం మిగిలింది. అది చెబితే గొంతు పోతుంది, చెప్పకపోతే బిడ్డ రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రేపు చదువుదాంలే అంది. మర్నాడూ అదే మాట అంది. ఆ మర్నాడు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది.

పిల్ల అలగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"మా నాన్నగారూ ఇలాగే, ఒక్క అక్షరమైనా నేర్పకుండా ఆపేశారు. చదువొస్తే తనను విడిచిపోతానని భయం. రోజూ రేపనేవారు. అన్నయ్యల చదువు తెర వెనక కూచుని వినేదాన్ని."

టీచరు చూపు బీరువా తాళం మీదికి పోయింది.

"మీ అమ్మాయి ఇప్పుడు అక్కడే కూచుంది పంతులమ్మగారూ. మీరు నన్ను మాట్లాడించడం అంతా వింటోంది."

ఆ కంఠంలో నింద లేదు. ప్రేమకూ చెరసాలకూ నడుమ గోడ ఉందని టీచరు ఇన్నాళ్లూ నమ్మింది. ఉన్నది ఒక తెర. దాన్ని పట్టుకున్నది తన చెయ్యే.

లేచి వెళ్లి బీరువా తాళం తీసింది. చివరి పాఠం తెరిచి పిల్ల ముందు పెట్టింది. పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. టీచరు కళ్లు మూసుకుని విన్నది, ఈసారి ధ్వనినీ మాటలనూ కూడా. చివరి వాక్యం దగ్గర గొంతు కాస్త ముసలిదై, తృప్తిగా ఆగింది.

కళ్లు తెరిచేసరికి పుస్తకం మూసి ఉంది. పిల్ల చేతులు బల్లకింద ఉన్నాయి.

పేరు పెట్టి పిలవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చాలాసేపటికి బల్లకింద ఒక చిన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి, రోడ్డు దాటేటప్పుడు పట్టుకునే తీరులో, ఆమె చిటికెన వేలు పట్టుకుంది. మాట రాలేదు. టీచరు కూడా ఏమీ అడగలేదు.