రెండు డబ్బాల గోలీలు

2006లో మా బాపుకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, పట్నం ఆసుపత్రిలో ఆయన్ని ఒక పరిశోధనలో చేర్చుకున్నారు. మామూలు ఇంజెక్షన్ అందరికీ ఇస్తారు. దానికి తోడు ఒక గోలీల డబ్బా. కొందరి డబ్బాలో కొత్త మందు, కొందరి డబ్బాలో ఉత్త పిండి. ఎవరిది ఏదో డాక్టరమ్మకు కూడా తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. కాగితాలన్నీ చదివి, బాపుకు విడమరిచి చెప్పి, నేనే సంతకం పెట్టించాను.

"నాకు పిండి గోలీలే ఇచ్చిండ్రు బిడ్డా," అన్నాడు బాపు రెండో నెలలో. "ముత్తయ్యను జూడు. అరచేతులు పొట్టు లేస్తున్నయ్. గది అసలు మందు."

ముత్తయ్య మామది మేడ్చల్‌లో మా పక్క వీధి. అదే జబ్బు, అదే పరిశోధన. కల్లు కాంపౌండులో బాపుకు పాత దోస్తు.

"పొట్టు లేస్తేనే మందని ఎవరన్నరు బాపూ?"

"జీడిమెట్ల మందుల కంపెనీల నౌకరీ జేస్తవ్ గదా, నువ్వు గాళ్ల దిక్కే మాట్లాడ్తవ్."

నవ్వుతూనే అన్నాడు గానీ, నేనిచ్చిన నీళ్లగ్లాసు అందుకోలేదు.

తర్వాతి నెల బాపు చేతులూ పొట్టు లేచాయి. నేను సంబరపడ్డాను. అదే వారం ముత్తయ్య మామ భార్య సుక్కమ్మత్త కనబడి, "మీ మామ చేతులు మానుతున్నయ్ బిడ్డా," అంది. ఒకరికి మానడం, ఇంకొకరికి మొదలవడం. నాకెందుకో అనుమానం వచ్చింది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద పేపరు పరిచి, రెండు డబ్బాల గోలీలూ కుమ్మరించి, కలిపి పంచుకుంటున్నారు బాపూ, మామా.

"ఏంది మామా ఇది?"

"శీసా ఒక్కటే ఉంటే ఇద్దరం తాగమా? గట్లనే. సగం సగం."

"సగం మందుతోని రోగం పోతదా?"

"మరి నిండు మందు ఎవరి డబ్బల ఉన్నదో నువ్వు జెప్పు," అన్నాడు బాపు.

"డాక్టరమ్మకు చెప్తా," అన్నాను.

"చెప్పు. ఇద్దర్ని ఎల్లగొడ్తరు. ఇంజెక్షన్ గూడ బంద్. నీకు సల్లగుంటదా?" అన్నాడు బాపు.

ఆ భయం నాకూ ఉంది. అయినా మర్నాడు వెళ్లి చెప్పాను.

డాక్టరమ్మ ఇద్దరినీ పిలిపించి, చేతులు చూసి, గోలీలు ఆపేసింది. ఇంజెక్షన్ మాత్రం ఆగదంది.

"గిప్పుడన్న జెప్పమ్మా, అసలియి ఎవరియి?" అని అడిగాడు బాపు.

"నాకు తెలియదు పెద్దాయనా."

బస్సులో బాపు నా పక్కన కూర్చోలేదు. "తెల్వదనుకుంటనే మన చేతులెట్ల తిప్పి తిప్పి జూసిందో సూసినవా?" అన్నాడు ముత్తయ్య మామతో.

తర్వాతి ఇంజెక్షన్ రోజు, నర్సు సీసా తగిలించబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజా, దాని మీద మందు పేరున్నదా? గట్టిగ చదువు."

చదివాను.

"పక్క మంచంల ముత్తయ్యది గూడ."

నర్సు విసుక్కుంటున్నా, అదీ చదివాను. అప్పుడు బాపు చెయ్యి చాపాడు.