తోక మీద కూలబడ్డ విమానం

సముద్రం చాపలా చుట్టుకుపోయి, దాని అడుగున తడి ఇసుక మీద నాలుగు ఇంజన్ల యుద్ధవిమానం తోక మీద చతికిలబడి ముక్కు ఆకాశానికెత్తి ఉంటే, దాని రెక్క మీద కాళ్లాడిస్తూ ఏడాది కిందట పోయిన అయ్య పోలిరాజు బీడీ కాలుస్తున్నాడు. ఎల్లాజీకి ఆశ్చర్యమేమీ కలగదు. రెండు నెలలుగా ముక్క ముక్కా జిగురుతో తాను అతికించిన ప్లాస్టిక్ బొమ్మే అది. జానెడు రెక్కలు తాటిచెట్లంత అయ్యాయి, అంతే.

"ముక్కులో బరువెట్టమని పెట్టెలోని కాయితంలో బొమ్మేసుంటే తోకలో ఎట్టినావేటిరా?" అంటాడు అయ్య.

"ముక్కు తేలిగ్గా ఉంటేనే కెరటం ఎక్కుతాదని నేర్పిందెవులు? నువ్వు కాదేటి?"

"ఇది పడవేటిరా ఎర్రోడా!"

"నీల్ల మీద నడిసిందని నువ్వే కదా సెప్పినావు!"

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, అయ్య పదో ఏట, ఇలాంటి విమానమే కెరటాల మీద మూడు చక్రాలతో దొర్లుకుంటూ వచ్చి తమ తెప్ప పక్కన ఆగిందని, అందులోంచి తెల్లదొర దిగి చుట్టకి నిప్పడిగి వెలిగించుకుని మళ్లీ ఎగిరిపోయాడని బతికినన్నాళ్లూ చెప్పి, రేవు మొత్తం చేత కోతల పోలిరాజు అనిపించుకున్నాడు. ఆ విమానాన్ని మూడు చక్రాల మీద నిలబెట్టి నవ్వినవాళ్ల నోళ్లు మూయించాలని ఎల్లాజీ పంతం. వలలు బాగుచేసే పాకలో అందరి ముందూ పెట్టాడు. అది తోక మీద కూలబడింది. "అయ్యది కోత, కొడుకుది తోక!" అని పాకంతా గొల్లుమంది.

"తోక కింద పుల్లెట్టీరా. ఎవులు సూత్తారు?"

"ఎట్టను. నిలబడితే దాని కాల్ల మీదే నిలబడాల."

రెక్క ఎప్పుడు తెప్పయిందో, ఇద్దరూ దాని మీదే తేలుతున్నారు, సముద్రం తిరిగొచ్చేసింది. అయ్య గొంతు తగ్గిస్తాడు.

"నిజం సెప్పనేటి? ముక్కే ముందు మునిగిందిరా. లోపలి దొరలు ముగ్గురు సేతులూపినారు. మీ తాత తెడ్డేసినాడు, అందనేదు. ఇంటికెల్లి మాయమ్మకి ఏటని సెప్పను? నిప్పడిగి ఎల్లిపోనారని సెప్పినాను. ఆ ముక్కుకి బరువెట్టకు నాయినా, మల్లీ మునుగుతాది."

ఎల్లాజీ తెప్ప మీద లేచి నిలబడతాడు.

"అది మునిగితే మునిగింది. నాది మునగదు. యాభై యేల్లు నీ కోత నా నెత్తిన మోసినాను, ఇప్పుడు కాదంటే ఊరుకుంటానేటి? ముక్కు కోసయినా బరువెడతాను. మూడు కాల్ల మీదా నిలబడతాది, దొర దిగుతాడు, నిప్పడుగుతాడు. నువ్వు ఇవ్వాల!"

అయ్య దగ్గొచ్చేదాకా నవ్వుతాడు. భుజం మీది విసురువల లాగి, అంచున ఉన్న సీసపు గుండ్లు మూడు పంటితో పీకి, కొడుకు గుప్పిట్లో పెట్టి గట్టిగా మూస్తాడు.

"అయితే సరిగ్గా ఎట్టు. మునగనీకు."

గుప్పిట తెరిస్తే మిట్టమధ్యాహ్నం. పాకలో, అయ్య విసురువల అంచుని పట్టుకునే నిద్రపోయాడు ఎల్లాజీ. అరచేతిలో గుండ్లు నొక్కుకున్న ఎర్రటి గుంటలు మూడు: ముందు ఒకటి, వెనక రెండు.