ఇంకొంచెం ఎడమకి

"కవలలు కదా, నెలలు నిండకముందే రావచ్చు. దేనికైనా సిద్ధంగా ఉండండి" అని డాక్టరమ్మ చల్లగా చెప్పి పంపించిన రోజు నుంచి ఆ ఇంట్లో ముగ్గురూ మూడు రకాల పిచ్చిపనులు మొదలుపెట్టారు.

కడుపుతో ఉన్నావిడ నవ్వడం మానేసింది. నవ్వితే పొట్ట అదురుతుందని ఆమె అనుమానం. టీవీలో ఎవరైనా నవ్వించబోతే గబుక్కున కట్టేసేది. తుమ్ము వస్తే ముక్కు నలిపి నలిపి దాన్ని లోపలే చంపేసేది. తోడుండటానికి వచ్చిన ఆమె తల్లి చీపుర్లు, బకెట్లు, ఆఖరికి ఇస్త్రీపెట్టె కూడా అటక మీదికి చేర్చింది. కూతురు ఎక్కడ వంగుతుందో, ఏం ఎత్తుతుందోనని ఆవిడ భయం. దాచిన సంగతి మరిచిపోయి మళ్ళీ తనే ఇల్లంతా వెతుక్కునేది. ఇక అల్లుడున్నాడే, అతను పిల్లల కోసం అనుకున్న చిన్నగదికి వాల్‌పేపర్ అంటించడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడేం మించిపోయిందని బాబూ?" అంది అత్తగారు.

"గది తయారుగా లేకపోతే ఎలా అత్తయ్యా? వాళ్ళు ముందే వచ్చేస్తేనో?"

"ముందే వస్తే ఆస్పత్రిలో ఉంటారు గానీ, పెట్టె సర్దుకుని తిన్నగా మీ గదిలోకి దిగుతారా?"

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అది అతనికీ తెలుసు. కానీ చేతులు ఖాళీగా ఉంటే భయం తలకెక్కుతోంది. పనిలో ఉంటే కనీసం భుజాల దగ్గర ఆగుతోంది.

వాల్‌పేపర్ అంటించడమే ఆ మొగుడూ పెళ్ళాల వృత్తి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి పదేళ్ళుగా ఇద్దరూ కలిసే చేస్తున్నారు. తోటి పనివాళ్ళు వాళ్ళని పైనాయన, కిందావిడ అని పిలుస్తారు. జిగురు పూసిన షీటు తడిసిన దుప్పటిలా బరువెక్కుతుంది. అతను నిచ్చెన మీద నిలబడి, దారానికి కట్టిన గుండు చూసుకుంటూ పై అంచు సరిచేస్తాడు. అంతసేపూ కింది భాగం గోడకు తగలకుండా ఆమె పట్టుకోవాలి. తగిలిందా, అక్కడే కరుచుకుంటుంది. లాగితే చిరుగుతుంది. కాబట్టి పనిలో వాళ్ళిద్దరి మధ్యా నడిచేది ఒక్కటే మాట. "పట్టు" అంటాడు అతను. ఆమె పట్టుకుంటుంది. పక్కగదిలో టీ తాగుతున్నా సరే, నోట్లో బిస్కెట్టు ఉన్నా సరే. "మా ఆవిడకి ముందు చేతులొస్తాయి, వెనకాల మనిషొస్తుంది" అని అతను అందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంకో సంగతి. తల్లి ముందు ఆమె మొగుణ్ణి "ఏవండీ, మీరు" అంటుంది. నిచ్చెన కింద నిలబడితే మాత్రం "నువ్వు". అది పని భాష. అందులో మర్యాదలకి తీరిక ఉండదు.

ఈసారి ఒంటరిగానే చేస్తానని అతను పంతం పట్టాడు. కింది అంచుని ఒక కర్రకు చుట్టి, ఆ కర్రని స్టూలు మీద ఆనించి, నానా తంటాలు పడి మూడు గోడలు పూర్తి చేశాడు. మబ్బు రంగు మీద చిన్న చిన్న పిట్టలు. ఆ కాగితం ఎంచింది ఆమే. మిగిలింది కిటికీ పక్కన ఒకే ఒక్క షీటు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్తగారు హాల్లో కుర్చీలో కూర్చునే కునుకు తీస్తోంది. ఆమె పక్కగదిలో, డాక్టరమ్మ చెప్పినట్టు ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది.

అతను పై అంచు గోడకు ఆనించాడో లేదో కర్ర జారింది. షీటు మొత్తం వంకర తిరిగి, పిట్టలన్నీ తలకిందులుగా కిటికీ మీదికి వాలబోయాయి.

"పట్టు!" అన్నాడు.

అన్నది అతను కాదు, పదేళ్ళ అలవాటు. ఆ మాట వరకూ అతన్ని ఎవరైనా క్షమించవచ్చు. మాట నోరు దాటిందని అతనికి తెలిసేలోపే రెండు చేతులు వచ్చి షీటుని పట్టుకున్నాయి. వెనకాలే మనిషి, ఆ మనిషి కన్నా ముందు పొట్ట. తలపైకి చేతులెత్తి, మునివేళ్ళ మీద నిలబడి ఉంది. షీటు చిరగలేదు. ఆమె మొహంలో ఎన్నాళ్ళుగానో లేని వెలుగు. పని దొరికిన వెలుగు అది.

అప్పుడు దిగాలి. వదిలెయ్ అనాలి. కాగితం పోతే పోయిందనాలి. అతను ఆమెను చూశాడు, పొట్టను చూశాడు, గుండు దారాన్ని చూశాడు. చూసి, "ఇంకొంచెం ఎడమకి" అన్నాడు.

ఆమె ఎడమకి జరిపింది. అతుకు ఎక్కడుందో కనిపించనంత బాగా కుదిరింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు కూడా. ఆ వెంటనే ఆమె చేతులు కాగితాన్ని వదిలి పొట్ట మీదికి వెళ్ళాయి.

"బిగుసుకుపోతోంది" అంది మెల్లగా. "బాగా గట్టిగా."

అతను నిచ్చెన మెట్లు దిగాడో, దూకాడో తెలీదు. కారు ఎక్కేటప్పుడు అత్తగారి ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అల్లుడి చెప్పు ఉన్నాయి. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా అతను అద్దంలో ఆమె మొహం చూసేవాడు. ఆమె కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి గాలి వదులుతోంది. అతని చేతుల జిగురు స్టీరింగుకి అంటుకుంది.

ఆస్పత్రిలో ఆమె పొట్టకు రెండు బెల్టులు కట్టారు. రెండు గుండెలు వేరువేరుగా, గుర్రాలు పరిగెత్తినట్టు వినిపించాయి. డాక్టరమ్మ ఒక ఇంజెక్షన్ పొట్ట బిగింపు తగ్గడానికి, ఇంకొకటి పిల్లల ఊపిరితిత్తులు కాస్త బలపడటానికి ఇప్పించింది. ఒకవేళ ఈరోజే వచ్చేస్తే అది పనికొస్తుందట. "ఈరోజే" అన్న మాట విని అతను గోడకు ఆనుకున్నాడు.

"ఏం జరిగింది? ఏమైనా ఎత్తారా?" అడిగింది డాక్టరమ్మ.

"నీళ్ళ కోసం లేచానండీ, అంతే" అంది ఆమె, మొగుడి వైపు చూడకుండా.

ఆమె అంత అవలీలగా అబద్ధం చెప్పగలదని అతనికి అప్పుడే తెలిసింది. అది తన కోసమే చెప్పిందనేది ఇంకా గుచ్చుకుంది. కానీ ఈ అబద్ధానికి అత్తగారు కదిలిపోయింది.

"నీళ్ళ కోసమా! నేనుండి ఏం లాభం తల్లీ, చెంబెడు నీళ్ళు అందించలేకపోయాను. తిన్నది అరక్కముందే కళ్ళు మూతలు పడ్డాయి. నాదే పాపం, డాక్టరుగారూ, నన్నే అనండి!"

ముసలావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే అతనికి ఇక లాభం లేదనిపించింది.

"కాదండీ. నేను పిలిచాను. వాల్‌పేపర్ జారిపోతుంటే పట్టుకోమన్నాను" అన్నాడు.

"పిలవలేదు" అంది మంచం మీది మనిషి. "అలవాటులో నోరు జారింది, అంతే. అసలు పొద్దున్నించే ఉండుండి బిగుసుకుంటోంది. చెబితే ఆస్పత్రిలో పడేస్తారని నేనే ఊరుకున్నా."

"పొద్దున్నించా?" అన్నారు మిగతా ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఇక ముగ్గురూ తప్పు నాదంటే నాదని పోట్లాటకు దిగారు. ఆస్తి పంపకాల్లో కూడా ఎవరూ అంత పట్టుదలగా నాకే కావాలని అడగరు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఎవరి తప్పూ లేదు. లోపల ఇద్దరున్నారు, గర్భసంచి మామూలు కంటే సాగిపోయింది. కాగితం పట్టుకోవడం వల్ల నొప్పులు రావు, పట్టుకోకపోతే ఆగవు. ఇంక బయటికి నడవండి, ఆవిణ్ణి పడుకోనివ్వండి."

ఆ మాటకి అతని గుండె తేలికపడాలి. పడలేదు. తప్పు తనదైతే ఇక ముందు ఆ తప్పు చెయ్యకుండా ఉండొచ్చు. నోరు కట్టేసుకోవచ్చు, నిచ్చెన అమ్మేయొచ్చు. ఎవరి తప్పూ కాదంటే పట్టుకోవడానికి ఏముంది? పైగా అతను డాక్టరమ్మకి సగమే చెప్పాడు. "పట్టు" అన్నట్టు చెప్పాడు. "ఎడమకి" అన్న సంగతి మింగేశాడు. మొదటిది నోరు జారడం. రెండోది కళ్ళు తెరిచి చేసిన పని. పెళ్ళాం బిడ్డల కన్నా ఆ క్షణంలో తనకి అతుకే ఎక్కువైంది. ఈ ముక్క ఏ డాక్టరు కొట్టిపారేసినా పోదని అతనికి తెలుసు.

సాయంత్రానికి బిగింపు సద్దుమణిగింది. పిల్లలు లోపలే ఉన్నారు. ఆమెను మాత్రం ఇంటికి పంపలేదు. "ఒక్కో రోజూ గండం గడిచినట్టే, కడుపులో ఉన్నంతసేపూ లాభమే" అన్నారు నర్సులు. అప్పటినుంచి ఆ కుటుంబం బతుకు ఇంటి గుమ్మానికీ ఆస్పత్రి మంచానికీ మధ్య ఇరుక్కుపోయింది. అత్తగారు పగలంతా కూతురి మంచం పక్క కుర్చీలో కూర్చుని, కునుకు రాకుండా తన చెయ్యి తనే గిల్లుకునేది. అతను పనికి వెళ్ళి, పని నుంచి అక్కడికి వచ్చేవాడు. పొట్ట మీద చెయ్యి వేసి చూడమని ఆమె పిలిస్తే, "చేతులు మురికిగా ఉన్నాయి" అని దూరంగా కూర్చునేవాడు. కడుక్కుని వచ్చినా అదే మాట.

పనిలో ఆమె బదులు ఒక రంగులేసే పెద్దమనిషి తోడు దొరికాడు. మంచివాడే. కానీ "పట్టు" అన్న మాట పైనాయన నోట రావడం లేదు. "కాస్త దాన్ని అందుకుంటారా" అనేవాడు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి షీటు కిందపడేది.

"ఏం గురూ, పెళ్ళిపత్రిక చదువుతున్నావా? పట్టు అంటే సరిపోదూ?" అని రంగులాయన విసుక్కునేవాడు. అతను ఇంకో షీటుకి జిగురు పూసేవాడు.

ఇంట్లో చిన్నగది తలుపు మూసే ఉంచాడు. ఒకరోజు అత్తగారు దుప్పట్లు తేవడానికి వెళ్ళి ఆ తలుపు తీసింది. ఆస్పత్రికి వచ్చి, "కిటికీ పక్కది ఎంత చక్కగా కుదిరిందమ్మా, అన్నిట్లోకి అదే బావుంది" అంది కూతురితో. అతను లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆఖరికి పిల్లలు ముందే వచ్చారు. కానీ ఆ రోజు కాదు, ఆ వారం కాదు, ఆ నెలా కాదు. డాక్టరమ్మ "పరవాలేదు, బాగా నెట్టుకొచ్చారు" అని మొదటిసారి నవ్వింది. ఇద్దరూ ఆడపిల్లలే. ఏడుపు పిల్లికూన ఏడ్చినట్టున్నా, ఏడ్చారు. అదే పదివేలు. ఊపిరి వాళ్ళే తీసుకుంటున్నారు గానీ, ఒంటి మీద కండ పట్టేదాకా అద్దాల పెట్టెల్లోనే ఉండాలన్నారు.

మర్నాడు తల్లిదండ్రుల్ని మాత్రమే లోపలికి రానిచ్చారు. ఆమెను చక్రాల కుర్చీలో అతనే తోసుకొచ్చాడు. మోచేతుల దాకా చేతులు కడిగించాక, నర్సు రెండు పెట్టెలకూ పక్కనున్న చిన్న కిటికీలు తెరిచింది.

"నిమరకండి, ఆ చర్మం ఓర్చుకోలేదు. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పాదాల దగ్గర పెట్టి కదపకుండా ఉంచండి చాలు. ఇంకా కడుపులోనే ఉన్నామనుకుంటారు. అమ్మ ఒకరిని, నాన్న ఒకరిని. రెండు జతల చేతులు కావాలి."

ఆమె పెద్దదాని పెట్టెలోకి చేతులు పెట్టింది. అంతసేపూ గాలిలో చేతులూ కాళ్ళూ విదిలిస్తున్న పిల్ల నెమ్మదిగా ముడుచుకుని ఊరుకుంది. రెండో పెట్టెలో చిన్నది ఉలిక్కిపడుతూ, వేళ్ళతో దేన్నో వెతుక్కుంటోంది. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"రండి నాన్నగారూ" అంది నర్సు.

"నా వల్ల కాదండీ."

నర్సు ఇలాంటి నాన్నల్ని చాలామందిని చూసి ఉంటుంది. పక్కకి తప్పుకుంది. అతను పెళ్ళానికి మాత్రమే వినిపించేలా వంగాడు.

"ఆ రోజు నోరు జారి పిలిచాననుకుంటున్నావు. అంతే కాదు. నిన్ను చూశాను. చూసి కూడా ఎడమకి జరపమన్నాను. దిగలేదు. కాగితం కోసం..." పెట్టెల వైపు చూశాడు. "వీళ్ళకి ఏమైనా అయ్యుంటే ఆ కాగితం కోసమే అయ్యేది."

ఆమె పెద్దదాని మీద చేతులు తియ్యకుండానే తల తిప్పి అతన్ని చాలాసేపు చూసింది. అందులో కోపం లేదని చెప్పడం అబద్ధం. కాస్త ఉంది. ఉండాలి కూడా. తర్వాత ఆమె చూపు చిన్నదాని మీదికి మళ్ళింది.

"పట్టు" అంది.

పదేళ్ళుగా ఆ మాట అనడమే తప్ప అతను ఏనాడూ వినలేదు. ముందు చేతులు వెళ్ళాయి, వెనకాల మనిషి వెళ్ళాడు. అరచేతి కింద తల బత్తాయంత ఉన్నట్టు తోచింది. రెండో అరచేతిలో రెండు పాదాలూ ఇమిడిపోయాయి. వెచ్చగా ఉన్నాయి. చిన్నది ఇంకా కాస్త కదులుతూనే ఉంది. అతనికి చెయ్యి ఎక్కడ ఉంచాలో తెలియడం లేదు, కళ్ళు మసకేశాయి.

ఆమె పక్క పెట్టె దగ్గర కూర్చునే అద్దంలోంచి చూసింది.

"ఇంకొంచెం ఎడమకి."

అతను జరిపాడు. చిన్నది ముడుచుకుని ఊరుకుంది.