ఎలుకపిల్ల మెదడులో నల్లచుక్కలు

భానుచందర్‌ది మెదడుకు మేత పెట్టే ఉద్యోగం కాదు, మెదడుకు కోత పెట్టే ఉద్యోగం. తిరుపతిలోని ఒక పరిశోధనశాలలో, పురుగుమందు తాపిన తల్లి ఎలుకలకు పుట్టిన పిల్లల మెదళ్ళను పలచటి పొరలుగా కోసి, రంగు వేసి, గాజు పలకల మీద చూస్తాడు. ఏ పలక మందు తాగిన తల్లి పిల్లదో, ఏది ఉత్త నీళ్ళు తాగిన తల్లి పిల్లదో చూసేవాడికి చెప్పరు. చెబితే కన్ను ముందే తీర్పు ఇచ్చేస్తుందని భయం.

ఈసారి మాత్రం కంటికి కడుపు అడ్డమొచ్చింది. భార్య పవిత్ర కడుపు. ఐదో నెలలో పలమనేరు పక్క పల్లెలోని పుట్టింటికి పోయింది. మామ ధనంజయకు మందు కొట్టే అలవాటుంది. గ్లాసులో కాదు, టమోటా తోటలో. ల్యాబులో ఎలుకలకు తాపే మందూ ఆయన కొట్టే మందూ ఒకటే. తోట ఇంటి వాకిట్లోనే మొదలవుతుంది.

మైక్రోస్కోపులో కణాలు కనపడగానే భాను కణతలు అదిరాయి. నల్లగా, ముడుచుకుపోయి, మాడిన మెంతుల్లా ఉన్నాయి. పలక మార్చాడు. అందులోనూ అవే. పలక వదిలేసి పవిత్రకు ఫోన్ చేశాడు.

"పవిత్రా, యాడుండావు?"

"తోట గట్టున. నాయన మందు కొడతా ఉండాడు, సద్ది తెచ్చినా."

"ముందు ఆడనుంచి లెయ్యి! ఇంట్లోకి పోయి తలుపేసుకో!"

"ఏంది బావా, పులొచ్చిందా?"

"పులైతే కనపడతాది మే!"

ఆ కేక విని విభాగం పెద్ద పంకజాక్షి మేడం వచ్చి, తానూ ఆ పలకల్లోకి చూసింది.

"ఈ మెదళ్ళు తీసింది ఎవరప్పా?"

"నేనే మేడం."

"ఫార్మలిన్‌ ద్రవంలో నాని గట్టిపడకముందే ఒత్తినావా?"

పుర్రె వలిచేటప్పుడు జారిపోతుంటే వేళ్ళతో అదిమి పట్టుకున్నది గుర్తొచ్చి, భాను తల దించుకున్నాడు.

"పచ్చి మెదడును ఒత్తితే కణాలు ఇట్లనే నల్లబడతాయి. ఇది మందు చేసిన పని కాదు, నీ వేళ్ళు చేసిన పని. మెదడు మీద ఒత్తిడంటే ఇదే నాయనా!"

భాను ఊపిరి వదిలాడు. సగమే.

"అయితే మందు వల్ల ఏం కాదంటారా మేడం?"

"నేనట్ల చెప్పినానా? ఈ పలకలు పనికిరావు. మళ్ళీ కొత్త పిల్లల్లో చూడాల. నాలుగు నెలలు పడతాది."

నాలుగు నెలలు. పవిత్రకు మిగిలినవీ అవే. ఎలుకల సంగతి తేలేసరికి బిడ్డ ఒళ్ళో ఉంటుంది.

మళ్ళీ ఫోన్ చేసి, పలకల సంగతంతా చెప్పాడు.

"అయితే మందుతో ఏం లేదు కదా బావా?" పవిత్ర గొంతులో ఆశ.

"ఏం లేదని కాదు. ఏమీ తేలలేదు."

అవతల మందు పంపు చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"తలుపేసినా బావా. వాసన లోపలికే వస్తా ఉండాది."

భానుచందర్ తెల్లకోటు విప్పి కుర్చీ మీద పారేశాడు.

"బట్టలు సర్దుకో. బస్సెక్కతా ఉండా."