లేని కుర్చీ

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ అనుమానప్పక్షి అనేవాళ్లు. మొహం మీదే అన్నా కోపం తెచ్చుకునేది కాదు. ఇవాళే ఎందుకన్నారు, ఎవరు అనమన్నారు అని మాత్రం ఓ పూటంతా ఆలోచించేది.

యూనివర్సిటీలో కెరీర్ సెంటర్ ఉంది. దరఖాస్తు దిద్దిపెడతారు, ఇంటర్వ్యూకి కోటు అరువిస్తారు, ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసి ఎక్కడ తడబడ్డావో చెబుతారు. "అంతా ఉచితమే, వెళ్లవే" అని స్నేహితురాలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వింటేనా? "ఉచితమా? అయితే వాళ్లకేం లాభం?" అనేది పక్షి.

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అన్నయ్య చదువుకునే రోజుల్లో తను గీసిన కొత్తరకం తలుపు గొళ్లెం ప్రాణస్నేహితుడికి చూపించాడు. ఆ మహానుభావుడు అది తనదేనని ఇంటర్వ్యూలో చెప్పుకుని ఉద్యోగం కొట్టేశాడు. అన్నయ్య ఇప్పటికీ దుకాణాలకి షట్టర్లు బిగిస్తూనే ఉన్నాడు. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం" అని చెల్లెలికి అన్నంతో పాటు అదీ తినిపించాడు.

చివరి ఏడాదిలో పక్షి ఒక బండి తయారుచేసింది. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తడిసిన దుప్పట్లు తొట్టి అడుగు నుంచి వంగి వంగి తీసి నడుము పడిపోయింది. ఈ బండికి అడుగున స్ప్రింగులుంటాయి. పైనున్న బట్టలు తీస్తున్నకొద్దీ అడుగు పైకి లేస్తుంది, ఇక వంగే పనే లేదు. వర్క్‌షాపులో దానిమీద పట్టా కప్పి, గొలుసు వేసి, తాళం పెట్టింది. మార్కులు వేసే ప్రొఫెసరుకి కూడా గత్యంతరం లేకే చూపించింది.

అంతలో ఆసుపత్రి సామాన్లు చేసే కంపెనీ ఒకటి మనుషుల్ని తీసుకోవడానికి వస్తోందని తెలిసింది. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. "అక్కడ చేరితే నీ బండి మా లాండ్రీకి నిజంగా వస్తుందా?" అని అమ్మ నడుం పట్టుకుని లేస్తూ అడిగింది. ఆ మాటతో పక్షి మెత్తబడింది, కెరీర్ సెంటర్ మెట్లెక్కింది.

కౌన్సెలర్ మేడం కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని కళ్లజోడు కోసమే వెతుక్కుంటోంది. మంచావిడలాగే ఉంది. అదే పక్షికి నచ్చలేదు. గోడలకి చెవులుంటాయంటారు, ఈ గదికి గోడలే అద్దాలు. ఏ పుట్టలో ఏ పాముందో!

"నువ్వు సొంతంగా చేసిన వస్తువు ఏదైనా ఉందా? దాని గురించి చెప్పు" అంది మేడం.

బండి మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి నెట్టేసింది.

"కుర్చీ చేశానండీ. మడిస్తే చేతికర్ర, విప్పితే కుర్చీ. క్యూలో నిలబడలేని పెద్దవాళ్ల కోసం."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం బంకపెట్టినట్టు అతుక్కుంది. మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. "స్క్రూలతో మొదలుపెట్టకు. నిలబడలేకపోయిన మనిషితో మొదలుపెట్టు. ఎక్కడ దెబ్బతిన్నావో దాచకు" అంటూ మళ్లీ మళ్లీ చెప్పించింది. లేని కుర్చీ గురించి పక్షి గడగడా వాగడం నేర్చుకుంది. నా బండి భద్రం అని లోపల్లోపల తెగ మురిసిపోయింది కూడా.

"బాగుంది అమ్మాయ్! కంపెనీ వాళ్లకి నీ గురించి ఓ మాట చెప్పి ఉంచనా?"

"మీ ఇష్టం మేడం" అంది, ఎప్పుడు బయటపడదామా అన్న తొందరలో.

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు, ఒక బట్టతలాయన, ఒక పెద్దావిడ. "రండి, రండి" అన్నాడాయన నవ్వుతూ. "మీ కుర్చీ గురించి కౌన్సెలర్ గారు చెప్పినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాం. ఏదీ, ఫొటో చూపించండి."

పక్షి ఫోన్ తీసి, మళ్లీ లోపల పెట్టేసింది.

"అది... నేను చేసింది బండండీ" అని మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా పైకి అని చూసుకోని మాటలు, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ వచ్చాయి. స్ప్రింగులంది, చక్రాలంది, మళ్లీ స్ప్రింగులంది. అమ్మ ఊసు దాకా వచ్చేసరికి వాళ్లు వినడం మానేశారు.

"మరి ఆ కుర్చీ ఏమైందమ్మా?" అంది పెద్దావిడ.

"లేదండీ. నిజం చెబితే ఎవరైనా కాజేస్తారని..."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిందని సాయంత్రానికల్లా తెలిసింది.

పక్షికి ముందు మేడం మీదే ఒళ్లు మండింది. చెప్పిందంతా చేరవేసింది కదా, నేననుకున్నట్టే అయింది కదా అని గొణుక్కుంటూ కెరీర్ సెంటర్ మెట్లెక్కసాగింది. సగం మెట్లెక్కేసరికి చేరవేసింది ఎవరికోసమో తట్టింది. మిగతా మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి మేడం గదిలోకి వెళ్లింది.

"మేడం, కుర్చీ లేదండీ."

"తెలుసు. ఫోన్ చేశారు." మేడం గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఏళ్ల తరబడి నా మాట మీద మన పిల్లల్ని పిలుస్తున్నారు వాళ్లు. నీ తర్వాత నేనెవరి పేరు చెప్పినా, అది కూడా కుర్చీ లాంటిదేనా అంటారు."

పక్షికి తలెత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. "బండి మాత్రం నిజం మేడం. మా అమ్మ కోసం చేశాను" అంది.

మేడం కళ్లజోడు సర్దుకుని ఆమెని ఎగాదిగా చూసింది.

"ఉందా, నిజంగానే?"

ఆ చూపు పక్షికి కొత్తది కాదు. ఇన్నేళ్లూ ఎదురుపడ్డ ప్రతి మనిషినీ తను చూసిన చూపే అది. తన మీద పడితే ఇంత నొప్పిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

"వర్క్‌షాపులో ఉందండీ. వచ్చి చూడండి" అంది. మేడం కాస్త తటపటాయించి లేచింది. ఎవరికీ చెప్పకండేం అని అనబోయి, పక్షి ఆ మాట మింగేసింది.

"బయట వరండాలో మీకోసం కూర్చున్నవాళ్లని కూడా రమ్మనండి మేడం," అంది. "అందరికీ చూపిస్తాను."