ఉడుమనబడిన మరకతము

పుష్యమాసప్రాతఃకాలమున కనుమలనుండి దిగివచ్చిన హిమధూమము విజయనగరవీథులయందు దట్టముగా పరచుకొని సూర్యబింబమును సైతము చెమ్మతగిలిన పాతరాగిబిళ్లవలె కాంతిహీనము గావించి పాలవారి సైకిలుగంటలను పొరుగువారి దగ్గులను మాత్రమే మిగిల్చి తక్కిన లోకమునంతటిని మూగగా జేయుచుండగా, కంటోన్మెంటు ప్రాంతమునందలి యొక పెంకుటింటి వసారాగదిలో మాత్రము గ్రీష్మఋతువు కాపురముండెను. అచ్చట అద్దపుగోడల పేటికలో అరుణకాంతులీను దీపముక్రింద నాలుగడుగుల హరితదేహమును కొమ్మవెంబడి చాచి వెన్నున రంపపుపండ్లవంటి ముండ్లవరుసయు గళమున వ్రేలాడు చర్మపుతిత్తియు మెరయ, రాజ్యభారము నుజ్జగించిన వృద్ధభూపాలునివలె అర్ధనిమీలితనేత్రములతో దూరదేశపు బల్లిజాతికి చెందిన యొక ఇగువానా విశ్రమించి యుండెను. దాని పేరు మరకతము.

దాని పోషకురాలు పరిపూర్ణమ్మ సన్యాసినుల కాన్వెంటున చదివి ముప్పదియెనిమిది సంవత్సరములు బాలికలకు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న అవివాహిత. ఆంగ్లమును దొరసానులవలె మాటలాడగలిగియు తెలుగుమాట యున్నచోట ఆంగ్లపదము వాడుట పరులయెంగిలి తినుటతో సమానమని యెంచునట్టిది. నల్లబల్లను బ్లాక్‌బోర్డనిన బాలిక ఆ గంట ముగియువరకు నిలువబడి యుండవలసినదే. మూడేండ్లక్రిందట నౌకాదళోద్యోగి భార్యయైన పూర్వశిష్యురాలొకతె అండమానునకు తరలిపోవుచు ఈ జీవమును ఆమె చేతులలో నుంచి పోయెను. నాటినుండి ఆమె దినచర్యయంతయు దానిదే. ఉదయమున గోరువెచ్చని నీట స్నానము చేయించుటయు, మునగాకు మందారపువ్వులు సన్నగా తురిమిన గుమ్మడికాయయు పళ్లెరమున నమర్చుటయు, మాంసపువాసన సోకనీయకుండుటయు ఆమె వ్రతములు. వెచ్చదనము తప్పినచో దాని కడుపున ఆకు అరుగదు, అవయవములు కొయ్యబారును. కావుననే విద్యుత్తు పోయిన వేళల ఆమె వేడినీటి సీసాలకు తన ఉన్నిశాలువ చుట్టి పేటికలో నుంచి తాను వడకుచు గూర్చుండెడిది.

మునగాకు తెచ్చి యిచ్చు పైడమ్మ తొలినాడే గడపయొద్ద నిలిచి నోరు తెరచెను.

"ఓలమ్మో! ఇదేటండి టీచరమ్మగోరూ, తొండా? మొసలిపిల్లా?"

ఇగువానా యను పరభాషాపదము నాలుకదాక వచ్చియు పరిపూర్ణమ్మ దానిని మింగివైచి గంభీరముగా నిట్లనెను. "తొండయు గాదు, మొసలియు గాదు పైడమ్మా. విదేశపు ఉడుము."

పైడమ్మకు ఆ యమ్మయందు దైవభక్తి. బజారున ఆకులు విడదీయుచు కనబడినవారికెల్ల ఆ ముచ్చటయే చెప్పుకొని మురిసెను. "మా టీచరమ్మగోరు ఉడుముకి తానాలు సేయించి పువ్వులెడతన్నారు. మన పిల్లలకి మనవెట్టినావా అలగ?" ఇట్లు నోటినుండి నోటికి పాకుటలో 'విదేశపు' అను విశేషణము రాలిపోయి 'ఉడుము' అను విశేష్యము మాత్రము మిగిలెను. ఆ విశేష్యమును ఇంట నుంచుకొనుట చట్టవిరుద్ధము.

ఒకనాటి యుదయమున అటవీశాఖాధికారి చంద్రమౌళి యొక గార్డును వెంటబెట్టుకొని వచ్చెను. మర్యాద యెరిగినవాడు. చెప్పులు బయట విడిచి లోనికి వచ్చెను.

"టీచరుగారూ, మీరు ఉడుమును పెంచుతున్నారని ఫిర్యాదు వచ్చిందండి. పట్టుకెళ్లక తప్పదు."

"ఇది ఉడుము కాదు నాయనా. ఇగువానా. ఆకులు తప్ప మరేమియు తినదు. నమోదుపత్రము నా శిష్యురాలియొద్ద నున్నది. తెప్పించెదను."

"తెప్పించండి, చూద్దాం. బజారంతా ఉడుమనే అంటున్నారు. మీరే చెప్పారట. చెప్పలేదంటారా?"

డెబ్బదియొక్క సంవత్సరములలో ఆ నాలుక అసత్యమాడి యెరుగదు. అబద్ధమొక్కటి చాలును; ఆ ప్రాణి బ్రదుకును. కాని ఆ యొక్కటియే ఆమె నేర్చుకొనలేదు.

"చెప్పితిని," అని తల వంచెను.

గార్డు పేటిక తెరచి చేతులు చాచగా మనుష్యహస్తమునకు భయపడుట మరచిన ఆ సాధుజీవము ప్రతిఘటింపలేదు. కేవలము చలిగాలి తగిలి బెదరి పరిపూర్ణమ్మ చీరచెంగును గోళ్లతో గట్టిగా బట్టుకొనెను. గార్డు పకపక నవ్వెను. "సూడండి బాబూ, ఉడుంపట్టు! ఇంకా కాదంటారేటి?"

ఆ గోళ్లను ఒక్కొక్కదానిని చీరపోగులనుండి విడదీసినది ఆమె వ్రేళ్లే. "ఈ దీపమునైనను తీసికొనిపొండు నాయనా. చలికి తాళజాలదు," అని వేడుకొనగా గార్డు గోనెమూతి బిగించుచు, "అడివిలో ఉడుముకి దీపమెవుడెట్టినాడమ్మా?" అనెను. చంద్రమౌళి వానిని కసరెను. దీపమును మాత్రము గైకొనలేదు.

అనంతరము ఆరుదినములు పరిపూర్ణమ్మ అటవీశాఖ కార్యాలయపు బల్లమీదనే యుండెను. తొలినాడు అధికారి క్యాంపునకు బోయెను. రెండవనాడు ఆమె అర్జీలోని భాష తనకు బోధపడలేదని గుమాస్తా తిప్పియిచ్చెను. ఒక దోషమైనను లేని ఆ తెలుగును చింపి ఆమె వాడుకమాటలలో మరల వ్రాసెను. మూడవనాడు మరకతమును కొండలమీది అడవిలో 'స్వస్థానమున' విడిచివచ్చిరని తెలిసెను. అచ్చట ఉదయమున గడ్డిపై మంచు పేరుకొనునని అందరెరుగుదురు. ఉడుము కాదని ఋజువగువరకు విడిచినచోటు చూపజాలమనిరి. మరకతము నెరిగిన పశువైద్యుని సాక్ష్యమును అండమానునుండి వచ్చిన పత్రమును జతపరుపగా ఆరవనాటికి ముద్రతో సవరణ వెలువడెను. 'ఉడుము' అను పదమునకు బదులుగా 'ఇగువానా' అని చదువుకొనవలయును. ఆమె జీవితమున నెన్నియో తప్పులు దిద్దెను. ఇంత యాలస్యముగా దిద్దబడిన తప్పును చూడలేదు.

మరునాటి తొలిబస్సున పైడమ్మను తోడుగొని ఆమె కొండ యెక్కెను. చంద్రమౌళియు జీపున వచ్చి చోటు చూపెను. చెట్టుమొదట రాలుటాకులనడుమ మరకతము పడియుండెను. పచ్చదనమంతయు బూడిదవన్నెకు దిగిపోయెను. చాచిన గోళ్లు దేనినియు బట్టుకొనలేదు. కన్ను మాత్రము సూర్యుడు రావలసిన దిక్కున తెరువబడియుండెను.

"నా నోరు పడిపోనూ! నానే సంపీసినాను తల్లీ," అని పైడమ్మ నేలబడి రొమ్ము బాదుకొనెను.

పరిపూర్ణమ్మ ఆమె చేయి బట్టి లేపెను. "నీవు కావు. ఆ మాట నాది."

పిదప అధికారివంక తిరిగి తరగతిగదిస్వరమున నడిగెను. "దీని మరణమును వ్రాయుము. ఎవరి యాజ్ఞవలన వచ్చి యెట్లు చచ్చినదో వ్రాసి సంతకము చేయుము."

చంద్రమౌళి టోపీ తీసి చేతులలో నలుపుకొనెను. "ఉడుమైతే పంచనామా రాసేవాణ్ణండి. పైవాళ్లకి జవాబు చెప్పుకొనేవాణ్ణి. మీరే కష్టపడి ఇగువానా అని రుజువు చేశారు. ఇగువానా మా రక్షిత జంతువుల పట్టికలో లేదు టీచరుగారూ."

పట్టుకొనునప్పుడు దానికొక చట్టముండెను. చచ్చినతరువాత దానికి చట్టము లేదు. పేరు పెట్టుటకు లోకమునకు క్షణము చాలును. ఆ పేరు తప్పని యొప్పుకొనుటకు కాగితములు కావలయును. ఒప్పుకొన్న పిమ్మట నేరము ఎవరిదియు గాకుండ పోవును.

తిరుగుబస్సున ఆమె కిటికీప్రక్కన గూర్చుండి మరకతమును ఉన్నిశాలువలో చుట్టిన ఒడిలోని మూటపై రెండుచేతులు నుంచుకొనియుండెను. పైడమ్మ ప్రక్కన వెక్కుచుండెను. సామానులు చూచుచు వచ్చిన కండక్టరు ఆగి, "మూటలో ఏటున్నాదమ్మా?" అని యడిగెను.

ముప్పదియెనిమిది సంవత్సరములు ప్రతివస్తువునకు సరియైన మాట చెప్పి పలికించిన ఆ వృద్ధురాలు వానివంక చూచెను. పెదవులు కదలెను. వాడు కొంతసేపు నిలిచి బదులు రాకపోవుటచే ముందునకు సాగిపోయెను.